ఎండలో వాడే ఫోన్: పిక్సెల్ 8ఏ తీసుకోవాలా, వన్‌ప్లస్ 12ఆర్ తీసుకోవాలా?

మిరపతోట_ఖమ్మం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఫోన్ల గురించి చదవడం నాకు వ్యసనం. కొత్తది కొనేది ఐదేళ్లకొకసారే అయినా, మధ్యలో విడుదలయ్యే ప్రతి ఫోన్ వివరాలనూ వదలకుండా చదువుతాను. అన్నీ తెలుసుకున్నాక ఎంపిక తేలిక కావలసింది పోయి, మరింత చిక్కుపడింది.

ప్రస్తుతం వాడుతున్నది 2019లో వచ్చిన రెడ్‌మీ నోట్ 8 ప్రో. దాని మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. అయితే అందులో 5జీ లేదు, భద్రతా అప్‌డేట్లు రావడం ఆగిపోయింది, ఇక మార్చక తప్పదు. చూసి చూసి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి 2024 మే నెలలో విడుదలైన గూగుల్ పిక్సెల్ 8ఏ. 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీతో విడుదలైనప్పుడు దాని ప్రారంభ ధర 52,999 రూపాయలు. 256 జీబీ రకం 59,999 ఉండేది. రెండోది 2024 జనవరిలో వచ్చిన వన్‌ప్లస్ 12ఆర్. అది 39,999 దగ్గర మొదలైంది; 8 జీబీ, 256 జీబీ రకం 42,999 ఉండేది.

నా వాడకం గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. మిరప రైతులకు పురుగులు, తెగుళ్ల విషయంలో సలహాలు చెప్పడం నా పని. 2021–22 సీజనులో నల్ల తామర పురుగు మన రెండు రాష్ట్రాల మిరపనూ దెబ్బతీసినప్పటి నుంచి, పూతను విప్పి లోపల దాగిన పురుగును ఫొటో తీసి శాస్త్రవేత్తలకు పంపించడం దాదాపు రోజువారీ పని అయింది. ఆ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు, మహా అయితే కాస్త ఎక్కువ. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి కోతలు, కల్లాల్లో కాయ ఎండబెట్టడం. నేనూ ఫోనూ మధ్యాహ్నమంతా ఆ ఎండలోనే ఉంటాం. ఊళ్ల మధ్య బండి మీద తిరుగుతాను, హ్యాండిల్‌కు బిగించిన హోల్డర్‌లో ఫోన్ పెట్టి మ్యాప్ చూసుకుంటాను. రాత్రి పూట పత్రికల ఈ-పేపర్లు చదువుతాను. ఆటలు ఆడను. రెండు సిమ్‌లు ఉన్నాయి: జియో ఒకటి, బీఎస్ఎన్ఎల్ ఒకటి.

కాగితం మీద చూస్తే పిక్సెల్‌కు 64 మెగాపిక్సెళ్ల కెమెరా, 12ఆర్‌కు 50. బ్యాటరీ పిక్సెల్‌లో 4492 ఎంఏహెచ్, 12ఆర్‌లో 5500. ఛార్జింగ్ ఒకదానికి 18 వాట్లు, మరొకదానికి 100. అప్‌డేట్లు ఒకదానికి ఏడేళ్లు, మరొకదానికి ఆండ్రాయిడ్ మూడు తరాలు, భద్రతకు నాలుగేళ్లు. ఈ అంకెల్లో నా పనికి నిజంగా లెక్కలోకి వచ్చేవి ఏవి, పక్కన పెట్టదగినవి ఏవి అన్నదే నా ప్రశ్న.

చేతిభూతద్దం:

ముందు మెగాపిక్సెళ్ల సంగతి తేల్చేద్దాం. మీ చేతిలో ఉన్న నోట్ 8 ప్రోలోనూ 64 మెగాపిక్సెళ్లే, పిక్సెల్ 8ఏలోనూ 64 మెగాపిక్సెళ్లే. పోలిక అక్కడితో ఆగదు. సెన్సర్ కొలత మీ పాత ఫోన్‌లో 1/1.72 అంగుళం, కొత్తదానిలో 1/1.73 అంగుళం, సెన్సర్‌లోని ఒక్కో చుక్క (పిక్సెల్) వెడల్పు రెండింటిలోనూ 0.8 మైక్రోమీటర్లు. మామూలుగా ఫొటో తీసినప్పుడు రెండూ నాలుగేసి పిక్సెళ్లను కలిపి 16 మెగాపిక్సెళ్ల బొమ్మనే ఇస్తాయి. సెన్సర్ తయారుచేసినవారు వేరు కావచ్చు గానీ, కాగితం మీద ఇవి దాదాపు కవల పిల్లలు. అయినా ఒకే పూవును రెండింటితో తీసి పక్కపక్కన పెడితే ఏది దేనిదో ఎవరైనా చెప్పగలరు. పిక్సెల్ ఒక్క నొక్కుకు వరుసగా అనేక ఫ్రేములు పట్టి, వాటిని కలిపి వెలుగునీడలను సరిచేస్తుంది. దానికి తోడు చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా లెన్స్‌ను కదిపి సరిచేసే ఓఐఎస్ ఉంది, మీ ఫోన్‌లో అది లేదు. 12ఆర్‌లో ఉన్నది 1/1.56 అంగుళాల సోనీ ఐఎంఎక్స్890. మెగాపిక్సెళ్లు తక్కువే అయినా సెన్సర్ పెద్దది, దానికీ ఓఐఎస్ ఉంది.

మీ పనిలో అసలు కష్టం వేరే చోట ఉంది. మిరప పూవు తెలుపు, పురుగు నలుపు, నెత్తిన ఎండ. ఫోన్ తనంతట తాను వెలుతురును కొలిచినప్పుడు చుట్టూ ఉన్న ముదురాకులను చూసి ఎక్స్‌పోజర్ (బొమ్మకు తీసుకునే వెలుతురు) పెంచుతుంది. దానితో రేకులు తెల్లగా పేలిపోతాయి, రేకు అంచున ఉన్న పురుగు కాళ్లూ మీసాలూ ఆ తెలుపులో కరిగిపోతాయి. ఇటువంటి చోట పిక్సెల్ ముందుంటుందని చెప్పడానికి నాకు సందేహం లేదు. అయితే 12ఆర్‌లోనైనా పూవు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగితే చాలావరకు అదే ఫలితం వస్తుంది. మీరు వెళుతున్నది ఊరికే ఫొటోలు తీసుకోవడానికి కాదు కాబట్టి, ఆ ఒక్క క్షణం మీకు భారం కాకపోవచ్చు.

దగ్గరి ఫొటోల విషయంలో రెండు ఫోన్లూ నిరాశపరుస్తాయి. 12ఆర్‌లో మాక్రో అని పెట్టిన 2 మెగాపిక్సెళ్ల కెమెరా పేరుకే ఉంది. ప్రకటనలో కెమెరాల సంఖ్య మూడు చేయడానికి తప్ప అది దేనికి పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. పిక్సెల్ 8ఏలోని 13 మెగాపిక్సెళ్ల అల్ట్రావైడ్ (వెడల్పు దృశ్యాలు తీసే కెమెరా)కు ఆటోఫోకస్ లేదు కాబట్టి, కొన్ని ఖరీదైన ఫోన్లలో లాగా దానినే మాక్రోగా వాడుకునే వీలు లేదు. ప్రధాన కెమెరాను మరీ దగ్గరికి తీసుకువెళితే ఫోకస్ తప్పుతుంది; సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ ఈ ఇబ్బంది సాధారణంగా పెరుగుతుంది. రెండింటిలోనూ పనిచేసే ఉపాయం ఒకటే: జానెడు దూరం జరిగి రెండు రెట్ల జూమ్‌లో తీయండి. మీ దగ్గర పది రెట్ల చేతి భూతద్దం ఎలాగూ ఉండి ఉంటుంది. దానిని లెన్స్‌కు ఆనించి, పూవును ఎడమచేతి వేళ్ల మధ్య నీడలోకి తిప్పి పట్టుకుని తీస్తే, ఏ మాక్రో కెమెరా ఇవ్వని స్పష్టత వస్తుంది.

ఇక ఎండ. గూగుల్ గానీ శామ్‌సంగ్ గానీ ఆపిల్ గానీ తమ సూచనల్లో రాసే వాడకపు ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వరకే. ఏప్రిల్‌లో ఖమ్మంలో నీడపట్టున కూడా 40 దాటుతుంది, అంటే మీరు ఏ ఫోన్ కొన్నా మధ్యాహ్నమంతా కంపెనీ గీసిన గీతకు అవతలే ఉంటారు. వేడెక్కిన ఫోన్ ముందుగా చేసే పని తెర వెలుగును తగ్గించడం. 12ఆర్ తెరకు 4500 నిట్లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం), పిక్సెల్‌కు 2000 నిట్లు అని రాసే గరిష్ఠ అంకెలు తెరలో చిన్న భాగానికి, కొద్దిసేపటికి వర్తించేవి. కల్లంలో మీకు అవి కనిపిస్తాయని ఆశించవద్దు. అయితే వేడి ఎంత త్వరగా పుడుతుందన్నది చిప్‌ను బట్టి మారుతుంది. 12ఆర్‌లోని స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 చిప్ తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ వద్ద తయారైంది, పిక్సెల్‌లోని టెన్సర్ జీ3 శామ్‌సంగ్ వద్ద తయారైంది. ఒకే పనికి మొదటిది తక్కువ శక్తి తీసుకుంటుందని సమీక్షకుల కొలతల్లో పదే పదే తేలింది. దానికి తోడు వెయ్యి ఎంఏహెచ్ అదనపు బ్యాటరీ. నన్ను అడిగితే మీ పనికి 12ఆర్.

నెల్లూరు_నెట్‌వర్క్:

చేతిభూతద్దం గారు కెమెరా గురించి రాసినదంతా అంగీకరిస్తాను, తీర్పును అంగీకరించలేను. ఫోన్‌ను ఐదేళ్లు వాడతానని అడిగిన వ్యక్తికి మొదట చూపించవలసినది అప్‌డేట్ల గడువు. 12ఆర్‌కు భద్రతా అప్‌డేట్లు 2028 తొలి నెలలతో ముగుస్తాయి. 2024లో కొని 2029 దాకా వాడితే చివరి ఏడాదికి పైగా రక్షణ లేని ఫోన్‌లో యూపీఐ, బ్యాంకు యాప్‌లు నడపాలి. పిక్సెల్ 8ఏకు 2031 మే దాకా హామీ ఉంది. 256 జీబీ రకాలనే పోల్చి, మీరు రాసిన ధరను హామీ ఉన్న సంవత్సరాలతో భాగిస్తే పిక్సెల్‌కు ఏడాదికి సుమారు 8,570 రూపాయలు, 12ఆర్‌కు 10,750 పడుతుంది. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించుకోవలసి వస్తుంది, ఆ ఖర్చు కలిపినా లెక్క తిరగబడదు.

నీటి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. పిక్సెల్‌కు దుమ్మూ నీరూ తట్టుకునే రేటింగ్ ఐపీ67 ఉంది, అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట వరకు తట్టుకునేలా పరీక్షించినది. 12ఆర్‌కు ఐపీ64 మాత్రమే. చినుకులకు, తుంపరలకు సరిపోతుంది, బోదె కాలువలో జారిపడితే హామీ లేదు. పురుగుమందు చేతులతో ముట్టుకున్న ఫోన్‌ను ఇంటికి వచ్చాక తడిగుడ్డతో గట్టిగా తుడవాలనుకునే వారికి ఈ తేడా చిన్నది కాదు. అయితే ఏ కంపెనీ అయినా రేటింగ్ గొప్పగా రాస్తుంది గానీ, లోపలికి నీరు వెళితే సాధారణ వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో చెబుతుందని గుర్తుంచుకోవాలి.

100 వాట్ల గురించి కూడా ఒక మాట. ఇరవై ఆరు నిమిషాల్లో పూర్తిగా నిండుతుందని కంపెనీ చెబుతున్నది చల్లని గదిలో, పెట్టెలో ఇచ్చిన ఛార్జర్, కేబుల్‌లతో. ఫోన్ వేడిగా ఉన్నప్పుడు ఏ ఫోనైనా ఛార్జింగ్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కల్లం దగ్గర పవర్ బ్యాంకుకు తగిలించినప్పుడు మీకు ఆ వేగం కనిపించదు. పిక్సెల్ పెట్టెలో అసలు ఛార్జరే ఉండదు, అది వేరే విషయం.

తూరుపు_తెర:

ఇద్దరూ చెప్పని కొన్ని సంగతులు చేరుస్తాను.

మొదటిది సిమ్. పిక్సెల్ 8ఏలో సిమ్ కార్డు పెట్టే చోటు ఒక్కటే, రెండో నంబరు ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) రూపంలో ఉండాలి. జియో ఈ-సిమ్ ఇస్తుంది కాబట్టి దానిని ఈ-సిమ్‌గా మార్పించుకుని, కార్డు చోటును బీఎస్ఎన్ఎల్‌కు ఉంచుకోవాలి.  ఈ-సిమ్‌తో ఇంకో తేడా ఏమిటంటే, ఫోన్ పాడై అత్యవసరంగా పాత ఫోన్‌లోకి మారాలనుకున్నప్పుడు కార్డు తీసి పెట్టుకున్నంత సులువు కాదు. మీ నోట్ 8 ప్రోకు ఈ-సిమ్ సౌకర్యం లేదు కూడా. 12ఆర్‌లో రెండు కార్డులూ నేరుగా పడతాయి.

రెండోది, నా దృష్టిలో మీరు ఎక్కువగా ఆలోచించవలసినది: బండి హ్యాండిల్. మీ పాత ఫోన్‌కు ఓఐఎస్ లేదు కాబట్టి ఇన్నేళ్లూ హోల్డర్‌లో పెట్టి తిప్పినా దాని కెమెరాకు ఆ ముప్పు రాలేదు. ఇప్పుడు మీరు చూస్తున్న రెండింటిలోనూ లెన్స్ చిన్న అయస్కాంతాల మధ్య కదులుతూ ఉంటుంది. మోటారుసైకిల్ ఇంజన్ల నుంచి వచ్చే కంపనం ఇటువంటి కెమెరాలను దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021 సెప్టెంబరులో తన వినియోగదారులను హెచ్చరించింది. సూత్రం ఒకటే కాబట్టి ఆ హెచ్చరిక ఏ కంపెనీ ఫోన్‌కైనా వర్తిస్తుంది. కంపనాన్ని పీల్చే రబ్బరు దిమ్మ ఉన్న హోల్డర్ కొనండి. అంతకంటే మంచిది, కొత్త ఫోన్‌ను జేబులో ఉంచి, పాత ఫోన్‌ను హోల్డర్‌కు అంకితం చేసి, హాట్‌స్పాట్ ద్వారా మ్యాప్ నడిపించుకోవడం. ఎండ వేడి కూడా కొత్త ఫోన్‌కు తప్పుతుంది.

మూడోది తెర. మీది ఎల్‌సీడీ, కొత్తవి రెండూ ఓఎల్ఈడీ. రాత్రి పూట వెలుగు బాగా తగ్గించి చదివేవారిలో కొందరికి ఓఎల్ఈడీ తెరల మినుకు వల్ల కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి; అందరికీ రావు. దుకాణంలో వెలుగును కనిష్ఠానికి దించి, ఐదు నిమిషాలు ఈ-పేపర్ చదివి చూడండి. చదవడానికే అయితే 6.78 అంగుళాల 12ఆర్ ముందు 6.1 అంగుళాల పిక్సెల్ చిన్నబోతుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉండే మన లిపికి వరుస ఎత్తు ఎక్కువ కావాలి, చిన్న తెర మీద ఈ-పేపర్ పుటను పెంచుకుంటూ జరుపుకుంటూ చదవాలి. దానికి మూల్యం బరువు: పిక్సెల్ 188 గ్రాములు, 12ఆర్ 207.

కాగితం మీది అంకెలను పూర్తిగా నమ్మవద్దనడానికి 12ఆరే ఒక ఉదాహరణ. 256 జీబీ రకంలో మరింత వేగంగా పనిచేసే యూఎఫ్ఎస్ 4.0 రకం స్టోరేజీ అని మొదట ప్రకటించి, 2024 ఫిబ్రవరిలో అది పాత రకమైన యూఎఫ్ఎస్ 3.1 అని కంపెనీయే సరిదిద్దుకుని, కొన్నవారికి డబ్బు వాపసు అవకాశం ఇచ్చింది. మీ వాడకంలో ఆ తేడా తెలియదు, అది వేరే మాట. పిక్సెల్ 8ఏలో ఉన్నదీ 3.1 రకమే.

2023లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 ధర తగ్గినప్పుడు దానినీ చూడవచ్చు. అదే 8 జెన్ 2 చిప్, దూరపు వస్తువులను దగ్గరగా తీసే మూడు రెట్ల టెలిఫొటో కెమెరా, 168 గ్రాములే. పూవుకు దూరంగా నిలబడి తీయడానికి ఆ టెలిఫొటో బాగా ఉపయోగపడుతుంది. కానీ 3900 ఎంఏహెచ్ బ్యాటరీతో కల్లం దగ్గర రోజు గడవదని నా అభిప్రాయం.

మిరపతోట_ఖమ్మం:

అందరికీ కృతజ్ఞతలు. నెల్లూరు_నెట్‌వర్క్ గారి లెక్క ఏడేళ్లు వాడేవారికి సరిపోతుంది. నేను ఐదేళ్లకే మారుస్తాను, మిగిలిన రెండేళ్ల హామీ నాకు అందదు. ఐదుతో భాగిస్తే పిక్సెల్‌కు ఏడాదికి 12,000 పడుతోంది. 12ఆర్‌ను నాలుగేళ్లకే పక్కన పెట్టినా 10,750. కాబట్టి గడువు ముగియగానే ఫోన్ మార్చడమే నాకు లాభం, రక్షణ లేని ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు నడపాలన్న భయమూ ఉండదు. ఐపీ67 వదులుకోవడమే కాస్త బాధగా ఉంది.

బండి హ్యాండిల్ సంగతి నాకు అసలు తట్టలేదు. పాత ఫోన్‌ను మ్యాప్ కోసం ఉంచేస్తాను. 12ఆర్ వైపే మొగ్గుతున్నాను. మీరు చెప్పిన రాత్రి చదువు పరీక్ష కాక, దుకాణంలో ఇంకేమైనా చూసుకోవాలా?

చేతిభూతద్దం:

మిట్టమధ్యాహ్నం వెళ్లండి. ప్రదర్శనకు పెట్టిన ఫోన్‌ను దుకాణం గుమ్మం బయటికి తీసుకువచ్చి చూడనిమ్మని అడగండి. తెలిసిన దుకాణమైతే కాదనరు. ఆటో బ్రైట్‌నెస్ వేసి ఉందో లేదో ముందే చూసుకోండి, ఎందుకంటే చాలా ఫోన్లలో అది ఆపి ఉంటే తెర అత్యధిక వెలుగుకు వెళ్లదు. మీరు పొలంలో పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకునేవారైతే అవి పెట్టుకుని, ఫోన్‌ను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టి చూడండి. కొన్ని తెరలు ఒక కోణంలో నల్లబడతాయి. తరువాత కెమెరా తెరిచి, మీరు వెంట తీసుకువెళ్లిన మిరప పూవునో, ఇప్పుడు పూత లేదు కాబట్టి ఏ నందివర్ధనం పూవునో ఎండలో పెట్టి, వేలితో తాకి, ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. ఆ ఫొటోను అక్కడే వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మామూలు ఫొటోగా ఒకసారి, డాక్యుమెంటుగా ఒకసారి పంపి, రెండింటినీ పెద్దవి చేసి చూడండి. శాస్త్రవేత్తలకు ఇన్నాళ్లూ మామూలు ఫొటోగా పంపుతూ ఉంటే, పురుగు ఆనవాలు చెదిరిపోవడంలో కెమెరా కంటే వాట్సాప్ కుదింపు పాలే ఎక్కువ ఉండి ఉంటుంది.

మెమరీ కార్డు పెట్టే చోటు రెండింటిలోనూ లేదు కాబట్టి 256 జీబీ రకమే తీసుకోండి.